గిద్దలూరు కుర్రాళ్ల లెక్క ఎవరి దగ్గరుంది?

అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్లకే సైన్యంలో చేరే అగ్నివీరుల మొదటి బ్యాచ్ 2023 జనవరిలో శిక్షణకు వెళ్లింది. 2026 ముగిసేసరికి వాళ్లకు నాలుగేళ్లు నిండుతాయి. నూటికి పాతికమందిని సైన్యం ఉంచుకున్నా డెబ్బై ఐదుగురు ఇంటికి వస్తారు. వాళ్లకు ఇక్కడ ఏం పనుందన్న ప్రశ్న ఆంధ్రప్రదేశ్‌లో గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట వైపు మళ్లీ రాజుకుంది. అగ్నిపథ్ మంచిదా చెడ్డదా అన్న వాదన అందరికీ తెలిసిందే.

ఈ గొడవంతా 2022 జూన్ 14 నాటి అగ్నిపథ్ ప్రకటనతో మొదలైందంటారు. నా దృష్టిలో అసలు దెబ్బ అంతకు ముందు రెండేళ్లలోనే తగిలింది. 2020 మార్చి తర్వాత కోవిడ్ వల్ల సిపాయి భర్తీ దాదాపు ఆగిపోయింది. ర్యాలీ జరిగిన చోట కుర్రాళ్లు పరుగు గెలిచారు, మెడికల్ పాసయ్యారు. రాతపరీక్ష మాత్రం వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి రద్దయింది. 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో పరిగెత్తితే 60 మార్కులు. ఆ అరవై కోసం తెల్లవారకముందే రోడ్డెక్కేవారు. ఒకడు ఫోన్‌లో టైమ్ చూస్తుంటే మిగతావాళ్లు పరిగెత్తేవారు. అలా పరిగెత్తుతుండగానే వయసు దాటిపోయింది. 2022లో ఒక్కసారికి వయోపరిమితిని 21 నుంచి 23కి పెంచారు. అప్పటికే 24లో పడ్డవాడికి అదీ అందలేదు.

ఆ రెండేళ్లకు అంత బరువెందుకంటే, ఇక్కడ ఇంటి లెక్కంతా మిలటరీ మీదే నడిచింది. పద్దెనిమిదికి వెళ్లడం, ముప్పై ఐదు దాటేలోపు పింఛనుతో రావడం. వానలు తక్కువ. బోరు ఎండినా పింఛను ఆగదు. చెల్లెలి పెళ్లి, అప్పు, టౌన్లో ఇంటి స్థలం అన్నీ దాని మీదే. పైగా పదిహేనేళ్లు చేసిన టెన్త్ పాస్ సిపాయికి డిగ్రీతో సమానమైన సర్టిఫికెట్ ఇస్తారు. అగ్నివీరుకు చేతికందేది సుమారు 11.71 లక్షల సేవా నిధి, ఒక నైపుణ్య సర్టిఫికెట్. పింఛను లేదు, మాజీ సైనికుడి హోదా లేదు.

అగ్నివీరులకు కేంద్ర బలగాల్లో రిజర్వేషన్ ఉందిగా అన్నది ప్రభుత్వం వైపు మాట. రాష్ట్రంలో ఎవరికి ఏ పని వచ్చో లెక్కించే నైపుణ్య గణన ఫైలు మీద ముఖ్యమంత్రి చంద్రబాబు 2024 జూన్‌లో సంతకం పెట్టారు. మంగళగిరి వైపు పైలట్‌గా సర్వే కూడా చేశారు.

మాజీ సైనికులు అడిగేది వేరే. ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో దాచుకున్న డిశ్చార్జి బుక్కు తీసి ట్రేడ్, అంటే సైన్యంలో చేసిన పని, రాసిన చోట వేలు పెట్టి చూపిస్తారు. రేడియో ఆపరేటర్, వెహికల్ మెకానిక్. ఆ పని బయట ఏ ఐటీఐ సర్టిఫికెట్‌కు సమానమో చెప్పేవాళ్లు లేరు. అందుకే ట్రక్కు ఇంజను విప్పి బిగించిన మనిషి ఏటీఎం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. పదిహేడేళ్లు చేసి వచ్చినవాడి పనితనాన్నే ఎవరూ నమోదు చేయనప్పుడు నాలుగేళ్లకే వచ్చే కుర్రాడి సంగతేంటి? ఈ మాటకు నాకింతవరకు సరైన జవాబు దొరకలేదు.

దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాశ్రయం స్థలముంది. ఇప్పుడా చుట్టుపక్కలే రక్షణ పరిశ్రమ మాట గట్టిగా వినిపిస్తోంది. గిద్దలూరులో రైలెక్కితే కంభం, మార్కాపురం రోడ్ దాటాక దొనకొండే. అక్కడ ఏ ట్రేడు వాళ్లు ఎంతమంది కావాలో, ఈ లైను మీద ఊళ్లలో ఎంతమంది ఉన్నారో ఒక్క కాగితం మీద రాయమన్నదే మాజీ సైనికుల మాట.