మందు మీద మొలిచే చక్కెర కొమ్మలు

విశాఖ కేజీహెచ్‌కు ఉద్దానం కిడ్నీ రోగులు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నారు. డయాలసిస్ చేయించుకునేవాళ్లలో చాలామందికి హిమోగ్లోబిన్ పడిపోతుంది. వాళ్లకిచ్చే ఇంజెక్షన్ పేరు ఎరిత్రోపోయిటిన్. ఎర్ర రక్తకణాలు తయారుచెయ్యమని ఎముక మజ్జకు చెప్పే హార్మోన్ అది. మామూలుగా కిడ్నీలే తయారుచేస్తాయి. అవి పాడైతే బయటి నుంచి ఇవ్వాలి. సిరంజిని ఐస్ ప్యాక్‌తో థర్మోకోల్ డబ్బాలో పెట్టుకుని తిరగాల్సిన మందు.

ఈ హార్మోన్ ఒక ప్రోటీన్, 165 అమైనో ఆమ్లాల గొలుసు. కానీ మొత్తం బరువులో దాదాపు 40 శాతం చక్కెరలదే. టీలో వేసుకునే చక్కెర కాదు కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. ప్రోటీన్ గొలుసు కొబ్బరి చెట్టులా కొమ్మల్లేకుండా సాగితే, దాని మీద నాలుగు చోట్ల అతుక్కున్న చక్కెరలు వేపచెట్టులా కొమ్మలు వేస్తాయి. ఆ కొమ్మల చివర్లలో ఉండేది సియాలిక్ ఆమ్లం అనే చక్కెర.

అసలు సంగతంతా ఆ చివర్లలోనే ఉంది. గిల్బర్ట్ ఆష్వెల్, అనటోల్ మోరెల్ అనే శాస్త్రవేత్తలు 1960ల చివర్లో రక్తంలోని ఒక ప్రోటీన్ నుంచి సియాలిక్ ఆమ్లం తీసేసి కుందేళ్లకు ఎక్కించారు. చూస్తుండగానే అది రక్తంలోంచి మాయమై కాలేయంలో తేలింది. సియాలిక్ ఆమ్లం ఊడిపోతే దాని కింది గెలాక్టోజ్ అనే చక్కెర బయటపడుతుంది. కాలేయ కణాల మీది గ్రాహకాలు దాన్ని గుర్తుపట్టి ప్రోటీన్‌ను లోపలికి లాగేసుకుంటాయి. ఎరిత్రోపోయిటిన్‌కూ ఇంతే. సియాలిక్ ఆమ్లం లేకపోయినా గాజు పాత్రలోని కణాల మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఒంట్లో మాత్రం నిమిషాల్లో కనబడకుండా పోతుంది. గాజు పాత్రలో వచ్చిన ఫలితాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

ఇన్సులిన్ మీద చక్కెరలుండవు, అందుకే బ్యాక్టీరియాతో చేయించవచ్చు. మామూలు బ్యాక్టీరియాకు ఈ కొమ్మలు అల్లడం రాదు. అందుకని ఎరిత్రోపోయిటిన్ లాంటి మందులకు, 1957లో థియోడోర్ పక్ అనే శాస్త్రవేత్త వేరుచేసిన చైనా హ్యామ్‌స్టర్ (ఎలుకలాంటి చిన్న జంతువు) అండాశయ కణాలను వాడతారు. వీటినే సీహెచ్‌ఓ కణాలంటారు. వీటితో చేసిన మొదటి మందు, రక్తపు గడ్డలు కరిగించేది, 1987లో వచ్చింది.

మందును మెరుగుపరచడానికి ఒక దారి, ప్రోటీన్ జన్యువునే కొద్దిగా మార్చడం. అలా ఇంకో రెండు కొమ్మలకు చోటు చేస్తే డర్బెపోయిటిన్ అయింది. 2001లో ఆమోదం పొందిన ఈ మందు రక్తంలో దాదాపు మూడు రెట్లు ఎక్కువసేపు ఉంటుంది. వారానికి మూడు సూదులు పడే చోట ఒకటి సరిపోవడం రోగికి చిన్న విషయం కాదు.

రెండో దారి, మందు తయారుచేసే కణాన్నే మార్చడం. క్యాన్సర్ మందుగా వాడే యాంటీబాడీ (ప్రతిరక్షకం) మీది చక్కెర కొమ్మ మొదట్లో ఫ్యూకోజ్ అనే చక్కెర ఉంటే, క్యాన్సర్ కణాలను చంపే సహజ హంతక కణాలు ఆ యాంటీబాడీని గట్టిగా పట్టుకోలేవు. ఫ్యూకోజ్‌ను అతికించే ఎంజైమ్ జన్యువు ఎఫ్‌యూటీ8. సీహెచ్‌ఓ కణాల్లో దాని రెండు ప్రతులనూ తీసేసినట్లు 2004లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఫ్యూకోజ్ లేని మొగములిజుమాబ్ అనే క్యాన్సర్ మందు 2012లో అక్కడే ఆమోదం పొందింది.

కణం ఎంపికలో ప్రాణాపాయం కూడా ఉంది. సెటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందును ఎలుక కణాల్లో చేస్తారు. మనిషి ఒంట్లో లేని ఆల్ఫా-గాల్ అనే చక్కెర జంట దాని మీద చేరుతుంది. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో కొందరికి మొదటి డోసుకే తీవ్రమైన అలర్జీ రావడానికి అదే కారణమని 2008లో తేలింది. పిడుదుల కాటు వల్ల వాళ్ల ఒంట్లో ఆ చక్కెర మీద ప్రతిరక్షకాలు ముందే తయారై ఉన్నాయి.

పరవాడ ఫార్మా సిటీలో ఎక్కువగా తయారయ్యే రసాయన మందుల్లో ఒక అణువుకూ ఇంకో అణువుకూ తేడా ఉండదు. కణాలతో చేయించే ఈ ప్రోటీన్ మందుల్లో అలా కాదు. కణాలు పెరిగే ట్యాంకులో అమ్మోనియా పేరుకున్నా చాలు, కణాలు సియాలిక్ ఆమ్లం సరిగ్గా అతికించలేవు. అందుకే బ్యాచ్‌లను పరీక్షించేటప్పుడు ప్రోటీన్ ఎంత వచ్చిందో చూసి ఊరుకోరు, కొమ్మలను విడదీసి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో తూకం వేసి చూస్తారు.