ఘాట్‌కి అద్దె బండి: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని సెమిలిగుడలో మా అద్దె బళ్ల షాపుకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మన తెలుగువాళ్లే. కొందరు విశాఖలో కిరండూల్ ప్యాసింజర్ ఎక్కి కొరాపుట్‌లో దిగి వస్తారు, కొందరు సాలూరు, సుంకి మీదుగా బస్సులో వచ్చేస్తారు. అందరూ వెళ్లేది దేవమాలి కొండకే. ఊళ్లో బండి బాగానే నడుపుతారు గానీ, ఘాట్ ఎక్కడం చాలామందికి ఇదే మొదలు. బండి కండిషన్ అనగానే ఇంజన్ గురించే అడుగుతారు. నేను బ్రేకుల దగ్గర మొదలుపెడతాను.

అపోహ: ఎక్కడమే కష్టం. దిగేటప్పుడు బండి దానంతటదే దిగిపోతుంది.

వాస్తవం: దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. పైకెళ్లేకొద్దీ గాలి పలచబడి బండి లాగుడు కాస్త తగ్గుతుంది. ఇద్దరెక్కితే 110 సీసీ స్కూటర్ మూలుగుతుంది. మరీ లాగకపోతే వెనకాల కూర్చున్నవాళ్లు దిగి నాలుగడుగులు వేస్తారు, అంతే.

అసలు టెన్షన్ దిగేటప్పుడే. కిందికి లాగే బరువునంతా బ్రేకులు ఆపాలి, ఆ శ్రమంతా వేడిగా మారుతుంది. లీవర్ అలా నొక్కిపెట్టి వదలకపోతే డ్రమ్ము బ్రేకైతే లోపల రాసుకునే లైనింగ్ మాడిన వాసన వస్తుంది. ఆ తర్వాత లీవర్ ఎంత లోపలికి లాగినా పట్టు ఉండదు. డిస్క్ బ్రేకుకి ఇంకో తంటా ఉంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు గానీ, తేమ పట్టాక 155 దగ్గరే మరిగిపోవచ్చు. మరిగిందంటే గొట్టంలో ఆవిరి బుడగలు పుట్టి లీవర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. అందుకే ఆ ఆయిల్‌ని సాధారణంగా రెండేళ్లకోసారి మార్చేయాలి. అద్దె షాపువాణ్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారు? నీళ్లు నమిలాడంటే ఇంకో షాపు చూసుకోండి.

మాడు వాసన వస్తే ఆపేసి, బ్రేకులు చల్లారేదాకా ఆగండి. కాలుతున్న డిస్క్ మీద బాటిల్‌తో నీళ్లు పోసే పెద్దమనుషులు కూడా ఉన్నారు. డిస్క్ వంకర పోవచ్చు, పోతే దాని డబ్బులు డిపాజిట్‌లోంచే పోతాయి.

అపోహ: దిగుడులో ఇంజన్ ఆపేస్తే పెట్రోలు మిగులుతుంది.

వాస్తవం: బీఎస్-6 వచ్చాక, అంటే 2020 ఏప్రిల్ నుంచి, కొత్త బళ్లు దాదాపు అన్నీ పెట్రోలుని కంప్యూటరు కొలిచి పంపే ఫ్యూయెల్ ఇంజెక్షన్‌వే. గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే, చాలా బళ్లలో ఇంజన్‌కి పెట్రోలు వెళ్లడం దానంతటదే ఆగిపోతుంది. ఇక తాళం తిప్పి మిగుల్చుకునేది ఏముంది? పైగా ఇంజన్ ఆపేసి క్లచ్ పట్టుకునో న్యూట్రల్‌లోనో దిగితే, బండిని వెనక్కి పట్టి ఉంచే ఇంజన్ పట్టు పోతుంది. ఇంజన్ ఆన్‌లో ఉన్నా, న్యూట్రల్ చేస్తే అంతే. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలని లారీ డ్రైవర్లు చెబుతారు, బైకుకీ అదే లెక్క. స్కూటర్‌లో ఈ పట్టు తక్కువ, వేగం బాగా తగ్గితే క్లచ్ విడిపోయి అసలే ఉండదు. అందుకని స్కూటర్ తీసుకున్నవాళ్లని ఆగి ఆగి దిగమంటాను.

అపోహ: ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతాం.

వాస్తవం: సైకిల్ నేర్చుకున్నప్పటి భయం ఇది, ఇంకా పోలేదు. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, దిగుడులో ఇంకా ఎక్కువ. ఎక్కువగా ఆపగలిగేది ఆ చక్రమే. వెనక బ్రేకొక్కటే తొక్కితే చక్రం బిగుసుకుపోయి బండి పక్కకి ఈడుస్తుంది. ముందు బ్రేకుతో పడేది ఒక్కసారిగా గుంజినవాళ్లు, మలుపు మధ్యలో ఇసుక మీద పట్టినవాళ్లు.

తాళం ఇచ్చే ముందు షాపు వెనక సందులో ఇది చేయించి చూస్తాను. రెండు వేళ్లు లీవర్ మీద పెట్టి, మెల్లగా పిండడం మొదలుపెట్టాలి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కిందికి దిగినట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు గట్టిగా నొక్కాలి. మొదట్లో అందరూ భుజాలు బిగబట్టుకుని గుంజేస్తారు. "మాకు తెలుసులే అన్నా" అనేవాళ్లతో ఇంకో రెండుసార్లు ఎక్కువ చేయిస్తాను. మలుపు రాకముందే, బండి నిటారుగా ఉండగానే వేగం తగ్గించుకోవాలి. 125 సీసీ దాకా ఏబీఎస్ లేని బళ్లకి 2019 నుంచి తప్పనిసరైన సీబీఎస్‌ని చాలామంది ఏబీఎస్ అనుకుంటారు. ఒక బ్రేకు వేస్తే రెండు చక్రాలకీ పడేలా చేస్తుందంతే. చక్రం బిగుసుకుపోకుండా ఆపడం దానివల్ల కాదు, ఆ పని ఏబీఎస్‌ది.

అపోహ: ఘాట్ అంటే పెద్ద బండే ఉండాలి.

వాస్తవం: క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, యాక్టివా 110 కిలోల లోపే. నేను చూసినంతలో కొత్తవాళ్లు పడేది వేగంలో కన్నా ఏటవాలులో బండి తిప్పుకునేటప్పుడే. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలి. ఫొటోకి బుల్లెట్టే బాగుంటుంది, కాదనను.

కొత్త బండి అయితే చాలనుకునేవాళ్లూ ఉన్నారు. కొత్త టైరుకి మొదట్లో జారుడు ఎక్కువ, కొత్త బ్రేకు షూలు ఒరుసుకుని కుదురుకునేదాకా సరిగ్గా పట్టవు. టైరు గాడిలో అరుగుదల గుర్తు ఉంటుంది, రబ్బరు దాని మట్టానికి వచ్చేసిందా లేదా చూసుకోండి చాలు.

అపోహ: ఎవరి బండి అయితేనేం, అద్దె తక్కువైతే మంచిదేగా.

వాస్తవం: అద్దెకి రిజిస్టరైన బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తెల్ల ప్లేటు బండిని అద్దెకి తీసుకుని గుద్దితే, బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించే వీలుంది. ఎల్ఎల్ఆర్ ఉన్నవాళ్లకి నేను బండి ఇవ్వను. లైసెన్సు ఒరిజినల్ నా దగ్గర ఉంచుకోను, దారిలో అడిగితే చూపించాల్సింది మీరు. డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతుంది. వెనక కూర్చునేవాళ్లకీ హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి.

అపోహ: పొగమంచులో హై బీమ్ వేస్తే దారి కనిపిస్తుంది.

వాస్తవం: ఆ వెలుగు మంచు మీద పడి తిరిగి మన కళ్లలోకే కొడుతుంది. లో బీమ్ పెట్టుకుని రోడ్డు అంచు చూసుకుంటూ వెళ్లాలి. చలికాలంలో సూర్యోదయం చూడాలని తెల్లవారుజామున నాలుగింటికే తాళం అడుగుతారు. ఘాట్‌కి కొత్తయితే మాత్రం వెలుగొచ్చాకే ఇస్తాను. సూర్యోదయం చూసే తీరాలంటే జీపు మాట్లాడిపెడతాను, బండి మధ్యాహ్నం తీసుకోవచ్చు.