అపోహలు – వాస్తవాలు: పుస్తకం బకాయి ఉందని లైబ్రరీకి రావడం మానకండి

పోయిన నెల చదువు సభ రోజు మా లైబ్రరీ గేటు బయట ఒక పెద్దాయన చాలాసేపు నిలబడి ఉన్నారు. చేతిలో గుడ్డసంచి. లోపల పిల్లలు వంతులవారీగా కథ చదువుతున్నారు, కిటికీలోంచి ఆ గొంతులు ఆయనకు వినబడుతూనే ఉన్నాయి. లోపలికి రమ్మని పిలిస్తే, "వద్దులెండి బాబూ, మనవడి కోసం వచ్చాను, ఇక్కడే ఉంటాను" అన్నారు. సభ అయ్యాక మనవడు నా పక్కకొచ్చి మెల్లగా చెప్పాడు: "తాతయ్య దగ్గర మన లైబ్రరీ పుస్తకం ఒకటి ఉండిపోయింది సార్. అందుకే లోపలికి రారు."

ఒడిశాలోని పర్లాకిమిడిలో లైబ్రరీ పని చూడటం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. ఈ మాట వినని నెల లేదు. ఒకసారి అమ్మ గురించి చెబుతారు, ఒకసారి అన్న గురించి. పుస్తకం ఇంట్లో ఎక్కడో ఉంది, తేదీ దాటిపోయింది, ఇక మొహం ఎలా చూపిస్తాం అంటారు. ఒక్క పుస్తకం వల్ల ఇంటిల్లిపాదీ లైబ్రరీ గుమ్మం తొక్కడం మానేసిన కుటుంబాలు నాకు తెలుసు. అపోహల గురించి రాయమని మా కమిటీవాళ్లు అడిగినప్పుడు, ముందు దీని సంగతే తేలుస్తానని చెప్పాను. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: గడువు దాటితే ఫైన్ రోజురోజుకూ పెరిగి వేలల్లోకి పోతుంది. పుస్తకం పోతే కేసు పెడతారు. అటు వెళ్లకపోవడమే మంచిది.

వాస్తవం: మా దగ్గర పుస్తకం పద్నాలుగు రోజులకు ఇస్తాం. వేరెవరూ అడగకపోతే రెండుసార్లు రెన్యువల్ చేసుకోవచ్చు, అందుకు ఫోన్ చేసి చెప్పినా చాలు. ఆ తర్వాత రోజుకు 50 పైసలు ఫైన్. ఆ ఫైన్‌కు ఒక హద్దు ఉంది: పుస్తకం మీద అచ్చు వేసిన ధరను అది ఎప్పుడూ దాటదు. పుస్తకం పోతే ఇంకో కాపీ తెచ్చివ్వండి. దొరక్కపోతే ధర కట్టండి. అదీ కుదరకపోతే మీ డిపాజిట్‌లోంచి తీసుకుంటాం. మెంబర్‌షిప్ రోజున మీ దగ్గర డిపాజిట్ తీసుకునేదే ఇలాంటప్పుడు మీకు ఇబ్బంది లేకుండా ఉండాలని. ఈ అంకెలు ఊరికో రకంగా ఉంటాయి, పద్ధతి మాత్రం నేను చూసిన చోటల్లా ఇంచుమించు ఇదే. పుస్తకం ఆలస్యమైందని పోలీసుల దగ్గరికి వెళ్లిన లైబ్రరీని ఇన్నేళ్లలో నేను చూడలేదు.

పుస్తకాలు పోతాయన్న సంగతి ప్రభుత్వానికీ తెలుసు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017లో 215వ నియమం చూడండి. ఏడాదిలో పాఠకుల చేతికి వెళ్లిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడం మామూలేనని అందులో రాసి ఉంది, మోసమో నిర్లక్ష్యమో కారణం కాకపోతే చాలు. 1,000 రూపాయలకు మించిన పుస్తకం గానీ, అరుదైన పుస్తకం గానీ పోతే మాత్రం విచారణ జరపాలి. ఆ నియమం కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల లైబ్రరీల కోసం రాసింది, మాకు నేరుగా వర్తించదు. అయినా ఏటా స్టాక్ వెరిఫికేషన్ అయ్యాక మా కమిటీ ముందు నేను పెట్టేది ఆ లెక్కే. పుస్తకాలు ఉన్నది వాడకానికి అని మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన రంగనాథన్ 1931లోనే మొదటి సూత్రంగా రాశారు. పదిమంది చేతుల్లో తిరిగే పుస్తకం నలుగుతుంది, తడుస్తుంది, ఒక్కోసారి పోతుంది కూడా. బీరువాలో అయిదేళ్లు కదలకుండా ఉన్న పుస్తకాన్ని చూస్తేనే నాకు ఎక్కువ బాధ.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లా ఎలా దెబ్బతిన్నదో ఇక్కడివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మా లైబ్రరీ పైకప్పు రేకులు రెండు లేచిపోయాయి, ఒక గోడ వైపు కింది అరలన్నీ తడిసి ముద్దయ్యాయి. మాకు అంత పని పడిందంటే ఇళ్లలో ఉన్న పుస్తకాల గతి ఊహించుకోవచ్చు. తుఫానులో పాడైన పుస్తకాలకు ఫైన్ లేదు, ధరా కట్టక్కర్లేదు అని అదే నెల కమిటీలో తీర్మానం చేసి నోటీసు బోర్డుకు అంటించాం.

అయిదేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని కౌంటర్ దగ్గరికొచ్చారు. పాలిథిన్ కవర్లో చుట్టిన పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. పిల్లల కథల పుస్తకం. నీళ్లు తాగి రెండింతలు ఉబ్బింది, అట్ట పొరలు పొరలుగా లేచింది, బొమ్మల రంగులు పక్క పేజీలకు అంటుకున్నాయి. వెనక డ్యూ డేట్ స్లిప్ మీద సిరా అలుక్కుపోయినా ఆఖరి ముద్ర చదవడానికి వీలుగానే ఉంది: 15 అక్టోబరు 2018. ఆ పాప ఎనిమిదో తరగతి. నోట్‌బుక్‌లోంచి చింపిన కాగితం ఒకటి నా ముందు పెట్టింది. 365 ఇంటూ 5, 1825 రోజులు. దాంట్లో సగం, 912 రూపాయల 50 పైసలు. కింద రెండు గీతలు.

"తప్పయిపోనాది బాబూ" అన్నారు ఆ తల్లి. "ఇంట్లోకి నీల్లొచ్చేసినాయి, బియ్యం మూట, పిల్లల్ని చూసుకున్నాం గాని పుస్తకం సంగతి మర్చిపోనాం. అయిదొందలు తెచ్చినాను. మిగతాది కోతలయ్యాక కడతాం."

ఆ పుస్తకం ధర 60 రూపాయలు.

డబ్బులు తిరిగి ఆవిడ చేతిలో పెట్టి, లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకానికీ నెంబరు వేసి రాసుకునే అక్సెషన్ రిజిస్టర్ తీసి, ఆ నెంబరు ఎదురుగా తుఫానులో పాడైంది అని రాసి సంతకం చేశాను. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల కోసం ఆ పాప మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఆగింది. కథల పుస్తకాలు చదివే వయసంతా అందులోనే పోయింది. బడికి వెళ్లేటప్పుడు మా గేటు ముందుకు రాగానే రోడ్డు దాటి అటు పక్కన నడిచేదట. తీర్మానం చేశాం, నోటీసు అంటించాం అని మేం అనుకున్నాం. ఆ బోర్డు ఉన్నది లోపలి గదిలో! లోపలికి రావడానికి భయపడేవాళ్లకు అదెలా కనబడుతుంది? ఆ తప్పు మాది. అప్పటినుంచి ఫైన్ నియమాలు గేటు బయట, తెలుగులో, ఒడియాలో, పెద్ద అక్షరాలతో ఉన్నాయి.

ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. దానికి కారణం ఉంది. ఏడో తరగతిలో ఉండగా నేను తెచ్చుకున్న లైబ్రరీ పుస్తకం మీద మా తమ్ముడు చారు ఒలకబోశాడు. తిరిగి ఇవ్వడానికి వెళ్తే కౌంటర్‌లో ఉన్న మనిషి ఆ పేజీలు ఎత్తి అందరికీ చూపించి అరిచాడు. నాన్నను తీసుకురమ్మన్నాడు. నాన్న డబ్బు కట్టేశారు, నన్ను ఒక్క మాట అనలేదు. కానీ కాలేజీకి వెళ్లేదాకా నేను ఏ లైబ్రరీలోనూ అడుగుపెట్టలేదు. పసుపు మరక ఉన్న పుస్తకం ఎవరైనా నా బల్ల మీద పెడితే ఇప్పటికీ ముందు వాళ్ల మొహం చూస్తాను, తర్వాతే పుస్తకం.

ఈ మధ్య వాట్సాప్‌లో ఇంకో పుకారు. మెంబర్‌షిప్‌కు ఆధార్ జిరాక్స్ ఇస్తే ఫైన్ నేరుగా బ్యాంకు ఖాతాలోంచి కట్ అవుతుందట. దయచేసి ఇలాంటివి ఫార్వర్డ్ చేయకండి. ఆ జిరాక్స్ మా ఫైల్లో ఉండే కాగితం, మీ అడ్రసు చూసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. దాంతో మీ ఖాతాలోంచి పైసా తీసే దారి మాకు లేదు. ఇంకా అనుమానంగా ఉంటే ఆధార్ ఇవ్వకండి, రేషన్ కార్డో కరెంటు బిల్లో తెండి. ఆ మెసేజ్ వచ్చిన నెలలో ముగ్గురు పెద్దవాళ్లు కార్డులు రద్దు చేయించుకోవడానికి వచ్చారు. ఒకావిడకు పెన్షన్ ఆగిపోతుందని టెన్షన్. మెసేజ్ పంపినవాళ్లకు సరదా, రాత్రంతా నిద్రలేనిది ఆవిడకు.

పుస్తకం తడిస్తే ఏం చేయాలో కూడా చెబుతాను. ఎండలో పెట్టకండి, అట్ట వంకర పోతుంది. అంటుకున్న పేజీలను గోటితో విడదీయకండి. పుస్తకాన్ని కొంచెం తెరిచి ఫ్యాన్ కింద నిలబెట్టండి. పది పదిహేను పేజీలకోసారి తెల్ల కాగితం పెట్టి, అది తడవగానే మార్చండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. లేదంటే అలాగే తీసుకొచ్చి మాకివ్వండి, మేం చూసుకుంటాం. అట్ట ఊడిందని సెల్లో టేప్ మాత్రం వేయకండి. కొన్నేళ్లకు ఆ జిగురు పసుపు రంగుకు తిరిగి కాగితాన్ని తినేస్తుంది.

అపోహ: తెలుగు చదవడం రానివాళ్లు చదువు సభకు వచ్చి ఏం చేస్తారు?

వాస్తవం: మా సభలో సగంమంది అలాంటివాళ్లే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మాట్లాడటం బాగా వచ్చు, అక్షరాలు రావు. నెల సభ కాకుండా ప్రతి శనివారం సాయంత్రం కూడా ఎనిమిది పదిమంది కూర్చుంటాం, ఒకరు పైకి చదువుతారు, మిగతావాళ్లు వింటారు. వినడానికి అక్షరాలు అక్కర్లేదు. పోయిన ఏడాది ఒక డిగ్రీ అమ్మాయి వాళ్ల నాయనమ్మ చెప్పిన కథను ఒడియా అక్షరాల్లో తెలుగు మాటలుగా రాసుకొచ్చి చదివింది. గది గదంతా నిశ్శబ్దంగా విన్నారు. ఒడియా చదవడం వచ్చినవాళ్లకు తెలుగు అక్షరాలు కష్టం కాదు, వర్ణమాల వరస ఇంచుమించు అదే. తడబడేది ఒక్కచోట: ఒడియాలో ఎ, ఏలకు, ఒ, ఓలకు వేరువేరు అక్షరాలు లేవు. అందుకే "చెరువు"ను "చేరువు" అని చదివేస్తారు. నాలుగు శనివారాలు పక్కన కూర్చుని చదివిస్తే ఆ తడబాటు తగ్గుతుంది.

తెలుగు చదివితే బడిలో ఒడియా, ఇంగ్లిష్ పాడవుతాయని కొందరు తల్లిదండ్రుల భయం. పిల్లల మీద ప్రేమతోనే అలా భయపడతారు, నాకు తెలుసు. నేను చూసినంతలో ఒక భాషలో కథలు చదవడం అలవాటైన పిల్లలు రెండో భాష పుస్తకాన్ని కూడా తొందరగానే అందుకున్నారు. మా దగ్గర రెండు భాషల బీరువాలూ ఎదురెదురుగా ఉంటాయి, ఒకే పిల్ల రెండింట్లోంచీ పుస్తకాలు తీసుకెళ్తుంది.

అపోహ: మా తెలుగు బాగుండదు, సభలో మాట్లాడితే నవ్వుతారు.

వాస్తవం: గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని ఆయన పోరాడింది ఇక్కడ ఉండగానే. ఇక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకు ఆ భాషలోనే వాచకాలు రాశారు. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. ఆ నెల సభలో మేం వక్తలను పిలవం, ఎవరింటి తెలుగులో వాళ్లు మాట్లాడతారు. పాతపట్నం నుంచి వచ్చినవాళ్ల యాస వేరు, గుణుపురం నుంచి వచ్చినవాళ్ల యాస వేరు. ఎవరూ ఎవర్నీ దిద్దరు. ఆ ఒక్క విషయంలో నేను చాలా కచ్చితంగా ఉంటాను.

ఇక మిగతావి. లైబ్రరీ పోటీ పరీక్షలకు చదివేవాళ్లకే అనుకోకండి, వాళ్లకు వేరే గది ఉంది. సభకు వచ్చేవాళ్లు పుస్తకం పూర్తి చేసి రావాలన్న నియమం లేదు, పది పేజీలు చదివినా రండి, చదవకపోయినా రండి. నవంబరు 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు, ఆ వారం సభలు రోజూ ఉంటాయి, మెంబర్లు కానివాళ్లూ రావచ్చు. ఇంట్లో ఉన్న పాత పుస్తకాలన్నీ బస్తాలో వేసి మా గుమ్మంలో దించకండి. చెద పట్టిన ఒక్క గైడు చాలు, బీరువా మొత్తానికి పాకుతుంది. ముందు ఫోన్ చేయండి, మేమే వచ్చి చూసి పనికొచ్చేవి తెచ్చుకుంటాం.

గేటు బయట నిలబడ్డ ఆ పెద్దాయనకు మనవడి చేత కబురు పంపాను, ఇంకా రాలేదు. నెల సభ ఎప్పటిలాగే రెండో ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు. ఆ రోజు గేటు మూడింటికే తీస్తాం. బకాయి పుస్తకం ఉన్నవాళ్లు ఆ గంటలో రండి, అప్పుడు కౌంటర్ దగ్గర నేను తప్ప ఎవరూ ఉండరు.