సోరియాసిస్, రోగనిరోధక కణాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: రోగనిరోధక శక్తి తగ్గడం వల్లే సోరియాసిస్ వస్తుంది.

వాస్తవం: చర్మవ్యాధుల వైద్యులకు రోజూ వినబడే మాట ఇది, నా దృష్టిలో అన్నింటికన్నా ఎక్కువ హాని చేసేదీ ఇదే. సోరియాసిస్‌లో రోగనిరోధక వ్యవస్థ నీరసించదు, అవసరం లేని చోట అవసరానికి మించి పనిచేస్తుంది. చర్మంలో కాపలా కాసే రోగనిరోధక కణాలైన డెండ్రైటిక్ కణాలు ఉత్తేజితమై ఇంటర్‌ల్యూకిన్-23 అనే సంకేతాన్ని విడుదల చేస్తే, దాని ప్రభావంతో టి-కణాలనే తెల్ల రక్తకణాలలో ఒక వర్గం ఇంటర్‌ల్యూకిన్-17 అనే మరో సంకేతాన్ని స్రవిస్తుంది. దాని ప్రభావానికి లోనైన చర్మపు పైపొర కణాలు విపరీతమైన వేగంతో విభజన చెందడమే కాక, తామే మరికొన్ని సంకేతాలు పంపి కొత్త రోగనిరోధక కణాలను అక్కడికి రప్పిస్తాయి కాబట్టి, ఒకసారి రగిలిన వాపు తనంత తానే కొనసాగుతుంది. మామూలుగా అడుగు పొరలో పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి సుమారు నెల పడితే, ఇక్కడ ఆ ప్రయాణం వారం లోపే ముగుస్తుంది. పూర్తిగా పరిపక్వం కాని ఆ కణాలే తెల్లని పొలుసులుగా పేరుకుంటాయి. పొలుసును మెల్లగా గీకి తీస్తే కింద సూదిమొనలంత రక్తపు చుక్కలు కనబడతాయి. వ్యాకోచించిన రక్తనాళాలు అక్కడ ఉపరితలానికి అంత దగ్గరగా ఉంటాయి.

టి-కణాలను అణచే సైక్లోస్పోరిన్‌తో మచ్చలు తగ్గుతున్నాయని 1979లో వెల్లడయ్యాకే, దీన్ని కేవలం చర్మకణాల జబ్బుగా చూసే ధోరణి మారసాగింది. ఈ సంగతి తెలిసినవారెవరూ 'ఇమ్యూనిటీ పెంచే' పొడులను దీనికి మందుగా సూచించరు.

అపోహ: చీము పొక్కులు వచ్చాయంటే క్రిములు చేరినట్టే, పక్కవారికి అంటుకుంటుంది.

వాస్తవం: సోరియాసిస్ అంటువ్యాధి కాదు. చీముపొక్కుల రకంలో కనబడే చీము, ఆ సంకేతాలు పిలిస్తే వచ్చి చేరిన న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలే. వేరే ఇన్ఫెక్షన్ తోడైతే తప్ప అందులో క్రిములు ఉండవు.

అపోహ: మచ్చ మాయమైతే జబ్బు పోయినట్టే.

వాస్తవం: చర్మం మామూలుగా కనబడుతున్నా, పాత అనుభవాన్ని గుర్తుంచుకున్న టి-కణాలు కొన్ని అక్కడే స్థిరపడి ఉంటాయి. మందు ఆపాక మచ్చ తరచుగా సరిగ్గా పాత చోటనే తిరిగి రావడానికి ఇదొక ముఖ్య కారణం. స్టెరాయిడ్ మాత్రలు మింగి ఒక్కసారిగా మానేస్తే జబ్బు తీవ్రరూపంలో, కొన్నిసార్లు ఒళ్లంతా చీముపొక్కులతో, తిరగబడవచ్చు.

అపోహ: బయోలాజిక్ ఇంజెక్షన్లు రోగనిరోధక శక్తినంతా తుడిచిపెడతాయి.

వాస్తవం: జీవకణాలతో తయారుచేసే ఈ ప్రోటీన్ మందులు రోగనిరోధక వ్యవస్థనంతటినీ కాక ఎంచుకున్న ఒకటి రెండు సంకేతాలనే అడ్డుకుంటాయి. అయితే ఆ సంకేతాలకు శరీరంలో వేరే పనులూ ఉంటాయి. టీఎన్‌ఎఫ్ అనే వాపు సంకేతాన్ని అడ్డుకునే మందులతో నిద్రాణమైన క్షయ మేల్కొనే ప్రమాదం ఉన్నందున ముందే దానికి పరీక్ష చేస్తాము. ఇంటర్‌ల్యూకిన్-17 ఫంగస్ నుంచి కాపాడేది కూడా కాబట్టి, దాన్ని అడ్డుకునే మందు వాడేవారిలో కొందరికి నోట్లో తెల్లపూత వస్తుంది, అది సాధారణంగా ఫంగస్ మందుతోనే తగ్గిపోతుంది.