ప్యాచ్ మిగిలింది, కారణం పోయింది

ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఏది కావాలన్నా ఇప్పుడు ఒక్క కమాండ్ చాలు. 1990ల మొదట్లో సోర్స్ కోడ్ దించుకుని, దానికి కావాల్సిన లైబ్రరీలు వెతుక్కుని, ఎవరికి వాళ్లు కంపైల్ చేసుకోవాల్సి వచ్చేది, అంటే కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చుకోవాల్సి వచ్చేది. ఆ చాకిరీ ఎవరో ఒకరు చేసి అందరికీ పంచితే పోతుంది కదా అన్న ఆలోచనలోంచే లినక్స్ డిస్ట్రోలు, అంటే లినక్స్‌తో పాటు సిద్ధం చేసిన ప్రోగ్రాములను కలిపి పంచే కూర్పులు, పుట్టాయి. 1993 జులైలో ప్యాట్రిక్ వోల్కర్డింగ్ స్లాక్‌వేర్ అనే డిస్ట్రో విడుదల చేశాడు. మరుసటి నెలలో ఇయాన్ మర్డాక్ డెబియన్ అనే ఇంకో డిస్ట్రోను ప్రకటించాడు. ఇలా సిద్ధం చేసిన ఒక్కో ప్రోగ్రామ్‌ను ప్యాకేజీ అంటారు. ఒక్కో ప్యాకేజీ బాధ్యత ఒక్కో వాలంటీరు (మెయింటెయినర్) తీసుకోవడం డెబియన్ పద్ధతి. 1996లో వచ్చిన 1.1 వెర్షన్‌లో 474 ప్యాకేజీలుండేవి. 2023 నాటి 12వ వెర్షన్‌కి అవి 64,419 అయ్యాయి.

ఇంత పెరిగిందంటే ఆ పద్ధతి వల్లే. చిక్కు కూడా అందులోనే ఉంది. ఎవరి ప్యాకేజీ వాళ్లది కావడంతో దాని కిటుకులూ వాళ్ల బుర్రలోనే ఉండిపోయాయి. ప్యాకేజింగ్ అంటే డబ్బాలో పెట్టి మూత వేయడమే అనుకుంటారు బయటివాళ్లు. నిజానికి ఏ ఆప్షన్ ఆన్ చేయాలి, ఏ ఫైలు ఎక్కడ పెట్టాలి, అసలు రచయితల కోడ్‌ని ఎక్కడ ప్యాచ్ చేయాలి (అంటే చిన్నగా సవరించాలి) అని అడుగడుగునా నిర్ణయాలే. ఏం మార్చారో చేంజ్‌లాగ్‌లో, అంటే మార్పుల చిట్టాలో, ఉంటుంది. ఎందుకు మార్చారో రాసేవాళ్లు తక్కువ. ఉద్యోగం చూసుకుని, మిగిలిన టైంలో ఉచితంగా చేసే పని ఇది. వాళ్లను తప్పు పట్టడానికి నాకైతే నోరు రాదు.

కానీ ఆ లోటు ఎంత దూరం తీసుకెళ్తుందో 2008 మేలో అందరికీ తెలిసింది. అంతకు రెండేళ్ల ముందు, డెబియన్‌లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (సమాచారాన్ని రహస్యంగా పంపడానికి వాడే కోడ్) ప్యాకేజీలో రెండు కోడ్ లైన్లు పని చేయకుండా పక్కన పెట్టారు. మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ లాంటి టూల్స్ వాటి మీద గోల పెడుతుండటమే కారణం. ఆ లైన్లలో ఒకటి, సమాచారానికి తాళంలా పనిచేసే రహస్య ‘కీ’ల తయారీకి ఊహకందని అంకెలు సమకూర్చేది. అది పోయాక మిగిలిన తేడా, నడుస్తున్న ప్రోగ్రామ్‌కి కంప్యూటర్ ఇచ్చే ప్రాసెస్ నంబరు ఒక్కటే. అంటే, ఒక్కో రకం కంప్యూటర్‌లో ఒక్కో సైజు కీకి మొత్తం 32,768 అవకాశాలే. అన్నీ వరసగా ప్రయత్నించి చూడొచ్చు! మార్చే ముందు మెయింటెయినర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లను అడగకపోలేదు. అడిగాడు, పర్లేదన్నట్టు జవాబూ వచ్చింది. అయితే ఆ ప్యాచ్ వాళ్లకు తిరిగి చేరలేదు. డిస్ట్రో లోపలే ఉండిపోయింది, ఇంకో జత కళ్లు దాని మీద పడలేదు.

ప్రతి ప్యాచ్ పైనా వివరణ, ఎక్కడిది, అసలు రచయితలకు పంపారా లేదా అన్నవి రాయాలంటూ 2009లో డెబియన్‌లో ఒక మార్గదర్శకం తయారైంది. మంచిదే. కానీ ప్యాచ్ కాని అలవాట్లకు వివరణ ఎవరు రాస్తారు? విడుదలైన టార్‌బాల్ (రచయితలు కోడ్ మొత్తాన్ని ఒకే ఫైలుగా కట్టిన మూట) తీసుకుని ప్యాకేజీ కట్టడం అలాంటి అలవాటే. కంపైల్‌కి ముందు కంప్యూటర్‌ని పరీక్షించే కాన్ఫిగర్ స్క్రిప్టులు అందులో ముందే తయారై ఉంటాయి, కట్టేవాళ్ల దగ్గర వేరే టూల్స్ అక్కర్లేదు అన్నది ఒకప్పటి కారణం. తర్వాత చాలా ప్యాకేజీల్లో ఆ స్క్రిప్టులను డిస్ట్రోలే మళ్లీ తయారు చేసుకోవడం మొదలుపెట్టాయి. అలవాటు మాత్రం పోలేదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే ప్రోగ్రామ్‌లో బయటపడ్డ దొంగదారి ఈ సందులోంచే దూరింది. దాన్ని కదిలించే ఫైలు, అందరూ చూడగలిగే కోడ్ మార్పుల భాండాగారం గిట్‌లో లేదు, టార్‌బాల్‌లో మాత్రమే ఉంది. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు అనుమానించబట్టి దొరికింది.

మెయింటెయినర్ వదిలేసిన ప్యాకేజీని డెబియన్‌లో అనాథ అంటారు, ఇంకొకరు తీసుకుంటే దత్తత అంటారు. తీసుకున్నవాళ్లకు మొదటి రోజే, ప్యాకేజీ ఎలా కట్టాలో చెప్పే బిల్డ్ ఫైల్‌లో అర్థంకాని లైను ఒకటి కనిపిస్తుంది. తీసేస్తే ఏం విరుగుతుందోనని భయం. పాత మెయింటెయినర్‌కి మెయిల్ పెడితే జవాబు రావచ్చు, రాకపోవచ్చు. చివరికి ఆ లైనును అలాగే ఉంచి, చేంజ్‌లాగ్‌లో ‘కొత్త మెయింటెయినర్’ అని ఒక్క ముక్క రాసి అప్‌లోడ్ చేస్తారు.