వెలుగుతున్న బోర్డు వెనక ఎవరి డబ్బు?

2022 జూన్‌లో నాంపల్లిలోని బీజేపీ రాష్ట్ర కార్యాలయం దగ్గర ఒక డిజిటల్ బోర్డు వెలిగింది. దాని మీద 'సాలు దొర, సెలవు దొర' అన్న నినాదం, కేసీఆర్ ప్రభుత్వానికి ఇంకా ఎన్ని రోజులున్నాయో చెప్పే అంకెలు. జులై మొదట్లో ఆ పార్టీ జాతీయ కార్యవర్గ సమావేశాలు హైదరాబాద్‌లో జరిగే నాటికి నగరంలోని హోర్డింగులు, మెట్రో పిల్లర్ల బోర్డులు చాలావరకు టీఆర్‌ఎస్ ప్రభుత్వ పథకాల ప్రచారంతో నిండిపోయాయి. అసెంబ్లీ ఎన్నికలు ఇంకా ఏడాదికి పైగా దూరంలో ఉన్నాయి. ఎన్నికల కోడ్ లేదు కాబట్టి ఎన్నికల సంఘానికి అందులో పని లేదు. అసలు గొడవంతా అక్కడే ఉంది.

1983 ఎన్నికలప్పుడు ప్రచారమంటే గోడ రాతలు, మైకు, ఎన్టీఆర్ చైతన్యరథం. సున్నం డబ్బా, కుంచె ఉంటే చిన్న పార్టీ కార్యకర్త కూడా రాత్రికి రాత్రి ఒక గోడ పట్టేసేవాడు. ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా శేషన్ ఉన్న కాలంలో గోడ రాతల మీద, లౌడ్‌స్పీకర్ల మీద కట్టడి వచ్చింది. 1997లో ఉమ్మడి రాష్ట్రం బహిరంగ స్థలాలను పాడు చేయకూడదని చట్టం తెచ్చింది. గోడలు శుభ్రపడ్డాయి, మంచిదే. కానీ గోడ పోయి అద్దె బోర్డు వచ్చేసరికి ప్రచారం డబ్బున్నవాళ్ల చేతిలోకి వెళ్లిపోయిందని నా అభిప్రాయం.

ఫ్లెక్సీ ప్రింటింగ్ ఆ మార్పును పూర్తి చేసింది. వెనక నుంచి లైటు వేస్తే ఫ్లెక్సీ మీది ముఖం రాత్రిపూట పగటికంటే బాగా కనిపిస్తుంది. డివైడర్ మీద కరెంటు స్తంభానికి బిగించే చిన్న బోర్డులను ఈ వ్యాపారంలో లాలీపాప్‌లంటారు. 2017 నవంబర్‌లో మెట్రో మొదలయ్యాక పిల్లర్లు కూడా ఆ వరసలో చేరాయి. అమీర్‌పేట వైపు రాత్రిపూట బండి మీద వెళ్తే ఒకే నాయకుడి ముఖం పిల్లర్ తర్వాత పిల్లర్‌గా ఎదురొస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగి చూసినా అడుగున ఉండే సన్నటి అక్షరాలు ఆ వెలుగులో చదవలేం.

ఆ సన్నటి అక్షరాలే ముఖ్యం. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ ప్రకారం ఎన్నికల పోస్టర్ మీద ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు ఉండాలి. హోర్డింగులకు కూడా ఇది వర్తిస్తుందని ఎన్నికల సంఘం 2024 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పాల్సి వచ్చింది.

కదిలే బొమ్మల కథ వేరే దారిలో నడిచింది, దానికి మూలం హైదరాబాద్‌లోనే ఉంది. 2004 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు టీవీల్లో రాజకీయ ప్రకటనలను అడ్డుకునే కేబుల్ నిబంధనను నిలిపేసింది. కేసు జెమినీ టీవీ పేరుతో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్రకటన వేసే ముందు అనుమతి తీసుకోవాలని ఏప్రిల్ 13న ఆ కోర్టు ఆదేశించింది. ఇప్పుడు ఎల్‌ఈడీ ప్రచార రథాల మీద వేసే వీడియోలకూ ఆ అనుమతి కావాలి. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో సినిమా, టీవీ, అలాంటి సాధనాల ద్వారా ప్రచారం చూపకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ చెబుతుంది. లైటు వెనకున్న ఫ్లెక్సీ ఆ మాటల్లోకి రాదు. ఒకే కూడలిలో తెర ఆరిపోవాలి, పక్కనున్న బోర్డు వెలగొచ్చు.

ఇక డబ్బు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి పెద్ద రాష్ట్రాల్లో 40 లక్షలు. పార్టీ ఖర్చుకు పరిమితి లేదు. పార్టీ పెట్టే ఖర్చు కూడా అభ్యర్థి ఖాతాలోకే వస్తుందని కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పగానే, 1974లోనే ప్రభుత్వం చట్టం సవరించి ఆ తీర్పును పక్కకు నెట్టింది. 2003లో మళ్లీ మార్చారు గానీ, అభ్యర్థి పేరు లేకుండా పార్టీ గుర్తు, అధినేత ముఖం మాత్రమే ఉన్న బోర్డు నేటికీ ఆ లెక్కకు అందదు.

నగరపాలన కూడా కొంత సర్దింది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 68 నేల నుంచి 15 అడుగులకు మించిన ప్రకటనలను, మిణుకుమనే లైట్లను వద్దంది. అది వాహనదారుల భద్రత కోసం, నగరం అందం కోసం. బోర్డును ఎవరు, ఎన్ని నెలల ముందు, ఎంతకు పట్టుకున్నారన్నది ఆ జీవో పని కాదు. ప్రకటన స్థలాలు అన్ని పార్టీలకూ సమానంగా అందాలని ఎన్నికల సంఘం ఆదేశాలున్నాయి. షెడ్యూల్ రాకముందే మొత్తం పిల్లర్ల వరుస ఒక్కరికే వెళ్లిపోతే, పంచడానికి మిగిలేది సందు చివరి బోర్డులే. అందుకే బుకింగ్ జరిగిన రోజే కొన్నవారి పేరు, అద్దె మొత్తం జీహెచ్‌ఎంసీ వెబ్‌సైట్‌లో పెట్టాలి, కోడ్ ఉన్నా లేకపోయినా.