మంచుబండి వచ్చాక కూడా మిగిలిన కుక్క

లాపిన్‌పోరోకోయిరా. మొదటిసారి పలకాలంటే నాలుక తిరగదు, విడగొట్టి చూస్తే మాత్రం చాలా మామూలు మాట. ఫిన్నిష్ భాషలో పోరో అంటే పెంపుడు రెయిన్‌డీర్, కోయిరా అంటే కుక్క. ఫిన్లండ్ ఉత్తరాన ఉన్న ల్యాప్‌లాండ్‌లో రెయిన్‌డీర్ మందల్ని తోలే కుక్క అన్నమాట. ఇంగ్లీషులో దీన్ని లాపోనియన్ హెర్డర్ అంటారు. ఉత్తర యూరప్ దాటితే దీన్ని కళ్లారా చూసినవాళ్లు చాలా తక్కువ.

"అరుదైన జాతి" అనగానే ఏదో సున్నితమైన, ముద్దుల జంతువు మన కళ్లముందు మెదులుతుంది. ఇది అలాంటిది కాదు. మగకుక్క భుజం దగ్గర 51 సెంటీమీటర్ల ఎత్తు, ఆడది 46. ఒళ్లు ఎక్కువగా నలుపు. చెంపలు, ఛాతీ, కాళ్లు కాస్త లేత రంగు. కొన్నిటికి కళ్లపైన రెండు లేత మచ్చలు ఉంటాయి, దూరం నుంచి చూస్తే నాలుగు కళ్లున్నట్టే ఉంటుంది. పైబొచ్చు బిరుసుగా, నిటారుగా ఉంటుంది. దాని కింద మెత్తటి ఉన్నిలాంటి ఇంకో పొర. బొచ్చు మరీ పొడవైతే తడిమంచు ఉండలు కట్టి పట్టుకుంటుంది. ఆ ఉండల్ని మోస్తూ రోజంతా పరుగెత్తడం ఏ కుక్కకీ సాధ్యం కాదు. అందుకే పనికుక్కకి బొచ్చు ఎంత ఉండాలన్నది కాపరులకి అందానికి సంబంధించిన విషయం కాదు.

పని చేసే తీరు కూడా వేరు. గొర్రెల్ని కాసే బోర్డర్ కోలీ నేలకి నక్కి, కళ్లతో గుచ్చి చూస్తూ మందని కదిలిస్తుంది. ఇది మొరుగుతుంది. మందకి దూరంగా పెద్ద చుట్టు చుట్టి, వెనక్కి చేరి, గొంతు ఎత్తుతుంది. గుంపులోంచి విడిపోయినదాని వెంటపడి వెనక్కి తిప్పుతుంది. రెయిన్‌డీర్ ఎదురు తిరిగి ముందుకాలి గిట్టతో కొట్టబోతే చటుక్కున పక్కకి గెంతి, మళ్లీ మొరుగుడు మొదలుపెడుతుంది. ఆ అరుపుని పట్టుకునే కాపరి మంద ఎక్కడుందో తెలుసుకుంటాడు.

ఈ నేర్పు వెనక శతాబ్దాల చరిత్ర ఉంది. నార్వే, స్వీడన్, ఫిన్లండ్‌ల ఉత్తర భాగాల్లోనూ, రష్యాలోని కోలా ద్వీపకల్పంలోనూ ఉండే సామీ ప్రజలు మొదట్లో అడవి రెయిన్‌డీర్లని వేటాడేవాళ్లు. పెంపుడువి కొన్ని మాత్రమే ఉండేవి, బరువులు లాగడానికీ పాలకీ. పెద్ద మందల్ని మేపుతూ కాలాన్ని బట్టి తావు మారే బతుకు ప్రధానంగా 16, 17 శతాబ్దాల్లో బలపడింది. వేటకి తోడుగా వెళ్లిన కుక్కే మెల్లగా మందకి కాపలా అయింది. జన్యు పరిశోధకులు తల్లివైపు వంశాన్ని వెతికినప్పుడు స్కాండినేవియా ప్రాంతపు కుక్కల్లో తప్ప ఇంకెక్కడా కనిపించని ఒక శాఖ బయటపడింది. ఎప్పుడో ఒక ఆడ తోడేలుకీ మగ కుక్కకీ పుట్టిన సంతానం నుంచి అది వచ్చిందని వాళ్ల అంచనా.

కుక్క కథ ఇక్కడి నుంచి దాని చేతిలో లేదు, కాపరి చేతిలోనూ లేదు. 1852లో నార్వేకీ, అప్పట్లో రష్యా ఏలుబడిలో ఉన్న ఫిన్లండ్‌కీ మధ్య సరిహద్దు మందల రాకపోకలకి మూసేశారు. 1889లో ఫిన్లండ్, స్వీడన్ సరిహద్దు కూడా అలాగే మూసుకుపోయింది. తరతరాలుగా నడిచిన దారుల్లో ఒక్కసారిగా గీతలు వెలిశాయి. కుటుంబాలు చెదిరాయి, మందల మేత తీరు మారింది. కుక్కకి పని నేర్పిందే ఆ దారులు.

ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. 1944 శరదృతువులో ల్యాప్‌లాండ్ నుంచి దాదాపు లక్ష మందిని ఖాళీ చేయించి స్వీడన్‌కీ, ఫిన్లండ్‌లోనే ఇతర ప్రాంతాలకీ పంపించారు. వెనక్కి తగ్గుతున్న జర్మన్ సేనలు దారిపొడవునా ఇళ్లనీ వంతెనల్నీ తగలబెట్టాయి. రొవనియెమి పట్నం చాలావరకు బూడిదైంది. జనం తిరిగొచ్చేసరికి ఇల్లూ లేదు, వాకిలీ లేదు. అదే కాలంలో డిస్టెంపర్ రోగం కుక్కల్ని ఊడ్చేసింది. ఉత్తరాది కుక్కల సంఖ్య ఎన్నడూ లేనంతగా పడిపోయింది.

ఈ కుక్కని కాపాడాలన్న ఆలోచన దక్షిణ ఫిన్లండ్ పెంపకందార్లకి వచ్చింది. 1945లో ఫిన్లండ్ కెన్నెల్ క్లబ్బు, అంటే కుక్కజాతుల్ని నమోదు చేసే సంఘం, ఈ కుక్క ఎలా ఉండాలో చెప్పే ఒక ప్రమాణాన్ని ఆమోదించింది. కానీ అది ఎక్కువగా కుకోన్‌హర్యు అనే కెన్నెల్‌లో, అంటే కుక్కల్ని పెంచే చోట, పెంచిన తీరు కుక్కల్ని చూసి రాసినది. వాటిలో కరేలియన్ ఎలుగువేట కుక్క రక్తం కలిసింది. చూడ్డానికి బాగున్నాయి. మందని తోలగలవా అన్నది వేరే ప్రశ్న. నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధగా అనిపించే చోటు ఇదే. తోలడం తెలిసిన వాళ్లని అడగకుండా తోలే కుక్క ఎలా ఉండాలో కాగితం మీద రాసేశారు.

1950ల చివర్లో రెయిన్‌డీర్ కాపరుల కేంద్ర సంఘం తానే పెంపకానికి దిగాక పరిస్థితి దారిలో పడింది. కాపరుల ఇళ్లలో పని చేస్తున్న కుక్కల్నే తీసుకున్నారు. అప్పటికి చూస్తే రెండు రకాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఒకటి బొచ్చు గుబురుగా ఉన్నది, ఇంకోటి బొచ్చు తక్కువగా, ఒళ్లు కాస్త పొడుగ్గా ఉన్నది. 1966లో రెండిటినీ వేరు జాతులుగా నమోదు చేశారు. గుబురు బొచ్చుది ఇవాళ ఫిన్నిష్ లాప్‌హుండ్. అది ఇళ్లలోకి వెళ్లింది, అందరికీ నచ్చింది, 2011లో అమెరికన్ కెన్నెల్ క్లబ్బు పూర్తి గుర్తింపు కూడా ఇచ్చింది. లాపిన్‌పోరోకోయిరా మాత్రం పని దగ్గరే ఆగిపోయింది. అది అరుదుగా మిగలడానికి ఒక కారణం అదే.

రెండో కారణం ఇంజను. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి. 1960ల మొదట్లో మంచుబండి, అంటే స్నోమొబైల్, ఫిన్లండ్ ఉత్తరాదికి వచ్చింది. పదేళ్లు తిరక్కుండానే అది లేని కాపరి ఇల్లు కనిపించడం కష్టమైపోయింది. అంతకుముందు కాపరి స్కీల మీద, కుక్కని వెంటబెట్టుకుని, చలికాలమంతా మంద పక్కనే ఉండేవాడు. రెయిన్‌డీర్‌కి మనిషి అలవాటు, కుక్క అలవాటు. ఇప్పుడు గంటల్లో వెళ్లి రావచ్చు. కానీ ఆ చప్పుడుకి మందలు బెదిరాయి, మనిషికి దూరమై అడవివాటం పట్టాయి. బండి కొనాలన్నా, పెట్రోలు పొయ్యాలన్నా, రిపేరు చేయించాలన్నా డబ్బు కావాలి. చిన్న మందలున్న కుటుంబాలు ఆ ఖర్చు తట్టుకోలేక మందల్నే వదిలేశాయి. ఫిన్లండ్ ఉత్తరాన సేవెట్టియార్వి అనే ఊరి దగ్గరి స్కోల్ట్ సామీలకి, అంటే సామీల్లోనే ఒక శాఖకి, ఇది మరీ గట్టిగా తగిలింది. పెట్సమో ప్రాంతం సోవియట్ పరమయ్యాక సొంతూళ్లు పోగొట్టుకుని, 1949లో అక్కడ కొత్తగా కాపురాలు పెట్టినవాళ్లు వాళ్లు. కాపరే లేనప్పుడు కాపరికుక్క ఎక్కడుంటుంది?

అయినా అది పోలేదు. శరత్తులో, మంచు సరిగ్గా పడకముందే మందల్ని పోగుచేసే పని మొదలవుతుంది. బురదనేలలు, బండరాళ్లు, దట్టమైన చెట్లు. మంచుబండికి అక్కడ పని లేదు, నాలుగు చక్రాల బండి కూడా అన్ని చోట్లకీ పోలేదు. కుక్క పోతుంది. పెట్రోలు ధర పెరిగిన ప్రతిసారీ దాని విలువ ఇంకొంచెం తెలిసొచ్చింది.

ఇప్పుడున్న చిక్కు రక్తానిది. తక్కువ కుక్కల నుంచి పెరిగిన జాతి కాబట్టి దాగి ఉన్న రోగాలు పైకొస్తాయి. కంటిచూపుని మెల్లగా తినేసే పీఆర్ఏ ఒకటి. కండరాల్ని, గుండెని దెబ్బతీసే పాంపే వ్యాధి ఇంకోటి; దానికి కారణమైన జన్యులోపాన్ని 2013లో గుర్తించారు. ఇప్పుడు జత కట్టించేముందు జన్యుపరీక్షతో చూసుకోవచ్చు.

పేరు సంగతి కూడా ఉంది. "ల్యాప్" అనే మాటని సామీలు చిన్నచూపు మాటగా భావిస్తారు, తమని సామీ అనే పిలవమంటారు. వాళ్ల చేతుల్లో తయారైన కుక్కలు మూడు జాతులుగా నమోదైతే, మూడిటి పేర్లలోనూ ఆ పాత మాటే ఉంది. స్వీడిష్ లాప్‌హుండ్ మూడోది. అది మార్చాల్సిన పేరే అని నా అభిప్రాయం.

ఈ జాతి వంశపట్టీని ఫిన్లండ్‌లో పూర్తిగా మూసెయ్యలేదు. కాపరుల దగ్గర కాగితాలు లేని మంచి కుక్క దొరికితే, దాన్ని తెచ్చి చూపించవచ్చు. నిపుణులు దాని ఒళ్లూ, బొచ్చూ, తీరూ పరీక్షిస్తారు. సరిపోతే కొత్త పేరుగా పట్టీలో చేరుస్తారు. తల్లిదండ్రుల పేర్లుండాల్సిన గళ్లు అప్పుడు ఖాళీగానే ఉంటాయి.